అరవై బొమ్మలు

మా అమ్మాయికి నాతో మాట్లాడడానికి మాటలు దొరక్కపోవడానికి కారణం నేనేనా అన్న సందేహం నాకు ఇరవై తొమ్మిదేళ్లుగా ఉంది. దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం అడిగి, చివర్లో ఈ ఒక్కటీ అడిగి లేస్తాను. ఆయన చెప్పడు. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినిపిస్తుంది, పరిగెత్తుతాను. దేవుడు నాకు ఏదైనా చెప్పబోయినప్పుడల్లా వంటింట్లో ఏదో ఒకటి పొంగుతుందేమోనని కూడా అనుమానం.

అప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. మేం ఈ ఊరికి వచ్చి రెండేళ్లు. ఊరంతా ఒక భాష, మా ఇంట్లో ఒక భాష. ఊరి భాషను నేను బడి భాష అంటాను, ఎందుకంటే అది మా గడప దాటి లోపలికి వచ్చింది బడి కాగితం మీదే. ‘మీ పాప తరగతిలో నోరు విప్పడం లేదు. ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి’ అని అందులో ఉంది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, “రేపట్నుంచి ఇంట్లో తెలుగు బంద్. నాకైతే ఆఫీసులో ఆ భాష అలవాటైంది. నీకు రాదు కాబట్టి, నువ్వు దాంతో ఎంత తక్కువ మాట్లాడితే దానికి అంత మంచిది” అన్నారు. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గించమని చెప్పినంత మామూలుగా అన్నారు. నేనూ తగ్గించాను. తిను, రా, పడుకో, వద్దు. ఈ నాలుగు మాటలు బడి భాషలో నేర్చుకుని, ఆ నాలుగింటితో పిల్లను పెంచాను. జ్వరమొస్తే నాలుగు మాటలే, పరీక్ష తప్పితే నాలుగు మాటలే, పెళ్లి చేసుకుంటానని ఒక అబ్బాయిని వెంటబెట్టుకుని వస్తే కూడా ‘రా, తిను’ అనే అన్నాను. మా అత్తగారు ఫోన్‌లో అందరికీ చెప్పి నవ్వేదట, “నోట్లో నాలుక లేని పిల్ల కావాలని ఏరి కోరి తెచ్చుకున్నాను. ఇప్పుడు నిజంగానే లేకుండా పోయింది” అని.

పనిచేసిన చోటా అంతే. ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో పద్దెనిమిదేళ్లు నిలబడ్డాను. మిషన్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. అయినా మా సూపర్‌వైజరు నన్నొక్కదాన్నే మూగమ్మ అనేవాడు. పిలిస్తే పలికేదాన్ని. ఇంట్లోనూ మూగదాన్నే, పనిలోనూ మూగదాన్నే. జీతం మాత్రం ఒక్కచోటే.

మా అమ్మాయి బాగా చదువుకుంది. ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. తరగతిలో నోరు విప్పని పిల్ల ఇప్పుడు పదిమంది చేత పని చేయిస్తుంది. ‘చూశావా, నేను చెప్పినట్టు చేశాం కాబట్టే’ అని మా ఆయన అంటారు. కావచ్చు. కానీ దాని తెలుగు నాలుగో ఏట ఆగిపోయింది. ఆకలికి, నిద్రకి, నొప్పికి, అలకకి దాని దగ్గర తెలుగు ఉంది. దిగులుకి లేదు, అవమానానికి లేదు, భయానికి సరిపడా లేదు. ఆరేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి, వంటింట్లో నేల మీద కూర్చుని, “అమ్మా, కడుపు బాగోలేదు” అంది. నేను వేణ్ణీళ్లు కాచి ఇచ్చాను. తాగి వెళ్లిపోయింది. మూడో నెల గర్భం పోయిందని వారం తర్వాత అల్లుడు చెప్తే తెలిసింది. ఆ గ్లాసు ఇప్పటికీ తోమలేను, మా ఆయన్ని తోమమంటాను. ఎందుకో ఆయనకి తెలియదు.

ఆ తర్వాత రెండేళ్లకి మనవరాలు పుట్టింది. ఆసుపత్రి మంచం మీదే మా అమ్మాయి దాన్ని నా చేతుల్లో పెట్టి, “అమ్మా, పాపతో నువ్వు మాట్లాడు” అంది. అంతే అంది. దాని తెలుగులో అంతకంటే ఎక్కువ లేదు. నాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు కూడా. అప్పట్నుంచి మాట్లాడుతూనే ఉన్నాను. మా అమ్మాయి ఉండేది పక్క వీధిలో. పొద్దున్నే పిల్లను మా ఇంట్లో దింపి పనికి వెళ్తుంది. స్నానం చేయిస్తూ మాట్లాడతాను, తల దువ్వుతూ మాట్లాడతాను, పప్పు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ, బొత్తాలు కుడుతూ మాట్లాడతాను. పాతికేళ్ల సరుకు నిలవ ఉంది కదా. “పిల్ల చెవులు చిల్లులు పడతాయే” అంటారు మా ఆయన. పిల్ల కూడా తక్కువది కాదు. ఏదైనా చెప్పాలంటే ఉన్నచోట నిలబడి చెప్పదు, గది మధ్యలో గిరగిరా తిరుగుతూ చెప్తుంది. అందుకే బొంగరం అని పేరు పెట్టాను.

బొంగరానికి నాలుగేళ్లు నిండాక చిన్నపిల్లల బడిలో వేశారు. రోజుకి మూడు గంటలు. రెండు నెలలు గడిచాక బడి నుంచి కాగితం వచ్చింది.

ఈసారి చదివింది మా అమ్మాయే. తరగతిలో తక్కువ మాట్లాడుతోంది. అరవై బొమ్మలు చూపించి పేర్లు అడిగారు, ఇరవై ఏడు చెప్పింది. ఈ వయసుకి నలభై రావాలి. ఇలాగే ఉంటే వచ్చే ఏడు వెనకబడిన పిల్లల తరగతికి పంపుతారు. ఆ తరగతి ఈ బడిలో లేదు, ఊరి అవతల వేరే భవనంలో ఉంది, పొద్దున్నే బస్సు వచ్చి తీసుకెళ్తుంది. కింద చివరి వాక్యం: ‘ఇంట్లో బడి భాషే వాడితే మేలు.’

“మళ్లీ అదే,” అన్నారు మా ఆయన, ఎవరో తన మాట నిజం చేసినట్టు. “నేను నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాను. వింటే కదా.”

మా అమ్మాయి కాగితం మడుస్తూ, విప్పుతూ, మడుస్తూ కూర్చుంది. నేను దాని మొహం వైపు చూస్తున్నాను. మాట్లాడమని నన్ను అడిగింది అదే కదా, అదే ఏదో ఒకటి అంటుందని.

“అమ్మా,” అంది చివరికి. “కొంచెం తక్కువ మాట్లాడు.”

మా ఆయన అన్నప్పుడు నొప్పి పుట్టలేదు. అప్పట్లో మొగుడు చెప్పింది వినడం కూడా వంటపనిలో ఒక భాగమే అనుకునేదాన్ని. కూతురు అంటే మాత్రం, చేతిలో ఉన్న పళ్లెం ఎక్కడ పెట్టాలో తోచలేదు.

మర్నాడు బొంగరం బడి నుంచి వచ్చాక ఇద్దరం కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. నేను నోరు విప్పలేదు. అది ఒక కాయ ఒలిచింది, నా వైపు చూసింది. ఇంకో కాయ ఒలిచింది, చూసింది. మామూలుగా అయితే ఈపాటికి ఈ కాయలో ఎంతమంది కాపురం ఉన్నారో, ఎవరికి ఎవరు వరసో చెప్పుకునేవాళ్లం.

“అమ్మమ్మా, నీ నోరు పాడైపోయిందా?”

నేను తల అడ్డంగా ఊపాను. అది లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి లోపలికి చూసింది. దాని వేళ్లకి పచ్చి బఠాణీ వాసన.

“మాటలన్నీ మింగేశావా? దగ్గు. బయటికొచ్చేస్తాయి.”

అని వెనక్కి వెళ్లి నా వీపు మీద రెండు చేతులతో చరిచింది. ఎంత గట్టిగా చరిచిందంటే, నాకు నవ్వు వచ్చింది, దగ్గూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

“వచ్చాయా?” అంది ఆతృతగా.

“వచ్చాయే తల్లీ,” అన్నాను.

“అన్నీ వచ్చాయా, కొన్ని లోపలే ఉన్నాయా?”

పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, బల్ల మీద ఉన్న బడి కాగితాలు తీసి చూశాను. నాకు బడి భాష మాట్లాడడం అంతంతమాత్రం, చదవడం అసలు రాదు. కానీ ఉత్తరానికి జతగా ఇంకో కాగితం ఉంది, అది బొమ్మలది. అరవై చిన్న చిన్న బొమ్మలు, ఒక్కోదాని పక్కన రెండు గళ్లు. మొదటి గడిలో కొన్నిచోట్ల టిక్కు, కొన్నిచోట్ల అడ్డగీత. రెండో గడి మొత్తం ఖాళీ. అడ్డగీతలు ఎక్కడున్నాయా అని వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. గరిటె పక్కన అడ్డగీత. జల్లెడ పక్కన అడ్డగీత. దారపు ఉండ, బొత్తం, ముడి, పటకారు, మూత, నురగ, కుంపటి, చీపురు, అన్నిటికీ అడ్డగీతే.

“గరిటె తెలియదా దీనికి? మొన్న దాంతోనే కదా మీ వీపు మీద కొట్టింది,” అన్నాను మా ఆయనతో.

ఆయన పేపరు దించలేదు. “బడి భాషలో తెలియదు.”

“ఈ రెండో గడి ఏమిటి?”

ఈసారి దించారు. కళ్లజోడు సర్దుకుని చూశారు. “ఇంటి భాషలో అని రాసుంది.”

“మరి ఖాళీగా ఉందేం?”

“ఖాళీ అంటే సున్నా అనే. కింద మొత్తంలో కూడా సున్నాయే కలిపారు, చూడు. ఇరవై ఏడూ, సున్నా, ఇరవై ఏడు.”

“అడగని ప్రశ్నకి సున్నా ఎలా వేస్తారండీ?”

“నీకు తెలియదులే,” అన్నారు. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ప్రతి చర్చా ఆ మాటతోనే ముగుస్తుంది. ఆ రోజు నాకు మొదటిసారి అనిపించింది, ఆయనకీ తెలియనప్పుడే ఆ మాట అంటారేమోనని.

మర్నాడు బొంగరాన్ని తీసుకురావడానికి వెళ్లి, దాన్ని గేటు దగ్గర పిల్లలతో ఆడుకోమని చెప్పి, నేను లోపలికి వెళ్లాను. బొమ్మల పరీక్ష పెట్టేది తరగతి టీచరు కాదు, వారానికి రెండుసార్లు వచ్చే ఇంకొకావిడ. బడిలో పిల్లలు ఆవిడను బొమ్మలావిడ అంటారు. నా కంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. కళ్లజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంది. ఆవిడ ముందు నిలబడితే దుప్పట్ల గదిలో సూపర్‌వైజరు ముందు నిలబడ్డట్టే కాళ్లు దగ్గరికి చేరాయి. సంచిలోంచి కాగితం తీసి, రెండో గడి మీద వేలు పెట్టి, నాకొచ్చిన విరిగిన భాషలో అన్నాను:

“ఇది... అడగలేదు. ఎందుకు?”

ఆవిడ కాగితం చూసింది, నన్ను చూసింది. “మీ భాష తెలిసినవాళ్లు మా బడిలో ఎవరూ లేరు,” అంది నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా. “అడిగేవాళ్లు లేక ఆ గడి వదిలేస్తుంటాం.”

“సున్నా వేశారు.”

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కింద మొత్తం చూసింది. “అవును,” అంది. “ఎప్పుడూ అలాగే కలుపుతున్నాం.” తర్వాత అంది, “గురువారం మీరు వచ్చి నా పక్కన కూర్చుంటారా? మీ భాషలో మీరు అడగండి. జీతం ఏమీ ఉండదు.”

“అలవాటే,” అన్నాను. ఆవిడకి అర్థమైనట్టుంది, నవ్వింది.

ఇంట్లో చెప్తే మా ఆయన పేపరు పక్కన పెట్టారు. “నువ్వా? పరీక్ష పెడతావా? ఏడో తరగతితో ఆపేసినదానివి.”

“ఏడో తరగతిలోపే గరిటె బొమ్మ చూసి గరిటె అనడం నేర్పేశారండీ,” అన్నాను.

గురువారం పొద్దున్న దేవుడి ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. పిల్లకి అన్నీ రావాలని అడగడం తప్పనిపించింది. వచ్చినవి వచ్చినట్టు, రానివి రానట్టు చూసే ధైర్యం ఇవ్వమని అడిగాను.

బడిలో అది చాలా చిన్న గది. చిన్నపిల్లల కుర్చీలు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. బొమ్మలావిడ ముందే ఒక షరతు చెప్పింది. పిల్ల ఏం చెప్తే అదే రాయాలి. దిద్దకూడదు, అందించకూడదు, కళ్లతో సైగ చేయకూడదు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాను. మొదటి బొమ్మ తిప్పాను.

“ఇదేంటి?”

బొంగరం నన్ను జాలిగా చూసింది. “గరిటె. నీకు తెలీదా?”

ఆ తర్వాత ఆగలేదు. జల్లెడ. మూత. దారం ఉండ. ముడి. “ఇది పీటముడి కాదు, లాగితే వచ్చేస్తుంది.” నురగ. ఆవిరి. “ఇది చీపురు, కానీ కొత్తది, మన చీపురుకి జుట్టు రాలిపోయింది.” మధ్యలో కొన్ని ఆగిపోయాయి. త్రిభుజం బొమ్మ వస్తే తలెత్తి బొమ్మలావిడ వైపు తిరిగి బడి భాషలో పేరు చెప్పింది, నాకు చెప్పలేదు. ఇంద్రధనుస్సు, జిగురు, రాకెట్టు, అన్నీ ఆవిడకే చెప్పింది. ఏ వస్తువును ఎవరితో కలిసి ముట్టుకుందో, ఆ వస్తువు పేరును ఆ మనిషి భాషలోనే దాచుకుంది. మేం పెద్దవాళ్లం రెండు భాషలు ఒకదానికొకటి అడ్డమని కొట్టుకు చస్తున్నాం. పిల్ల మాత్రం ఎవరిచ్చింది వాళ్ల పేరు మీదే పదిలంగా పెట్టుకుంది. కుంపటి తెలియదంది, రెండు భాషల్లోనూ. నిజమే, మా ఇంట్లో లేదు. అందించాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడ్డగీత పెట్టాను.

నా గడిలో నలభై ఒకటి వచ్చాయి. అందులో పద్నాలుగు బడి భాషలో కూడా చెప్పినవే. బొమ్మలావిడ వాటిని రెండుసార్లు లెక్కించకుండా తీసేసి, వేళ్ల మీద కూడింది. యాభై నాలుగు. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

పరీక్షలో ఇంకో భాగం ఉంది. అక్షరాలు లేని బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమంటారు. ముందు ఆవిడకి, తర్వాత నాకు. వంట చేసే ఎలుగుబంటి బొమ్మలవి. బొంగరం ఆవిడకి బడి భాషలో చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా, అడుగు చూసుకుంటూ ఏరు దాటినట్టు చెప్తోంది. ఎలుగుబంటి పిండి జల్లించే బొమ్మ దగ్గర ఆగిపోయింది. జల్లెడకి బడి భాషలో మాట లేదు దాని దగ్గర. అయిపోయింది అనుకున్నాను. అది లేచి నిలబడి ఒకసారి గిర్రున తిరిగింది. తిరిగి, రెండు చేతులతో గుండ్రంగా చూపిస్తూ, బడి భాషలోనే అంది: “చాలా కన్నాలున్న పళ్లెం. మంచి పిండి కింద పడిపోతుంది, పురుగులు పైనే ఉండిపోయి సిగ్గుపడతాయి.”

బొమ్మలావిడ రాయడం మానేసి నా వైపు చూసింది. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. “దీనికి మార్కు వేసే గడి నా కాగితంలో లేదు,” అంది.

పురుగులు సిగ్గుపడడం నేను చెప్పిందే, పిండి జల్లించినప్పుడల్లా. ఆ మాట నా వంటింట్లోంచి బయల్దేరి, నాకు రాని భాషలోకి, నా సాయం లేకుండా నడిచి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో నేను దాటలేని గడపను నా మాట దాటింది.

చివరగా ఆవిడ రెండు తెల్లకాగితాలు ఇచ్చి, “నాకో ఉత్తరం రాయి, మీ అమ్మమ్మకో ఉత్తరం రాయి” అంది. దానికి ఇంకా ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. నాలుక బయటపెట్టి, బల్ల మీద వాలి రాసింది. ఆవిడ కాగితం నిండా నిలువు గీతలు, మూలలు, మధ్యమధ్య ఖాళీలు, కర్రలు పాతినట్టు. నా కాగితం నిండా సున్నాలు, సున్నాలకు తోకలు, సున్నాల మీద చిన్న చిన్న టిక్కులు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కటీ అక్షరం కాదు. అయినా దూరం నుంచి చూస్తే ఒకటి అచ్చం బడి గోడల మీద రాతలా ఉంది, ఇంకోటి అచ్చం నా ప్రార్థన పుస్తకంలా ఉంది. రోజూ పొద్దున్న నా ఒళ్లో కూర్చుని, నేను వేలు పెట్టి చదువుకుంటుంటే నిద్రపోతోందనుకున్నాను. అది చూస్తోంది. ఎవరూ చూపించకుండా, ఎవరూ అడగకుండా, రెండు భాషల రూపురేఖలూ ఆ బుర్రలోకి ఎక్కించుకుంది. దేవుడి పనితనం కొండల్లో సముద్రాల్లో ఉంటుందని చెప్తారు. నేను కొండలు పెద్దగా చూడలేదు. ఆ రెండు కాగితాలూ చూశాను.

“ఏం రాశావే నాకు?”

“చదువుకో.”

“నువ్వు చదివి చెప్పు.”

“నాకు ఇంకా చదవడం రాదు అమ్మమ్మా. రాయడమే వచ్చు.”

పిల్లను బయటికి పంపాక బొమ్మలావిడ తలుపు దగ్గర నిలబడి అంది, “ఈ పాప ఎక్కడికీ వెళ్లదు. ఇక్కడే చదువుకుంటుంది. ఆ చివరి వాక్యం కూడా కొట్టేస్తాను. ఇంట్లో మీ భాషే మాట్లాడండి. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత మంచిది.”

అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లుగా దేవుణ్ణి అడిగినది ఆవిడను అడిగాను. నాకొచ్చిన ముక్కలతో, చేతులతో. నా కూతురు. అప్పుడూ కాగితం వచ్చింది. నేను ఆపేశాను. తప్పా?

ఆవిడ మెడలో తాడు వేలికి చుట్టుకుంది. “అప్పట్నుంచి ఇప్పటిదాకా మేం అందరికీ అలాగే చెప్తున్నాం,” అంది. “తప్పు చెప్పాం. పిల్లలు కొత్త భాషలో పడ్డప్పుడు కొన్నాళ్లు మాట్లాడరు, వింటారు. అంతే. మీ అమ్మాయికి అప్పుడు కావాల్సింది మీ మాటలే.”

జవాబు దొరికితే మనసు తేలికపడుతుందనుకున్నాను. సగమే తేలికపడింది. నా భాష దానికి అడ్డం కాలేదు. కానీ నా మౌనం అడ్డమైంది. ఇది నా తప్పు అవునా కాదా అని ఇన్నాళ్లూ ఏడిస్తే, తప్పు నాది కాదు గానీ నష్టం మాత్రం నా పిల్లదే అని తేలింది.

వెళ్లబోతుంటే ఆవిడ, “తెలుగు ఇంటి పిల్లలు ఇంకా ముగ్గురున్నారు. ప్రతి గురువారం వస్తారా?” అంది.

“వస్తాను,” అన్నాను. “నాకు పెద్ద కుర్చీ వేయించండి.”

ఇల్లు చేరేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు. “ఎన్ని?”

“యాభై నాలుగు.”

కాగితం తీసుకుని కూడిక సరిచూశారు. సరిగ్గానే ఉంది. “అప్పుడు కూడా బడివాళ్లు చెప్పిందే కదా నేను చెప్పాను,” అన్నారు, నేనేమీ అనకుండానే.

బొంగరం చెప్పులు విప్పుతూ నేను అన్నాను, “బడివాళ్లు భాష మార్చమన్నారండీ. నోరు మూసుకోమన్నది మీరు.”

గొంతు పెంచలేదు. ఆయన అన్నప్పటిలాగే, ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా అన్నాను. ఆయన ‘నీకు తెలియదులే’ అనలేదు. కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతికే ఇచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చింది. బట్టలు ఆరి కుప్పగా ఉన్నాయి. దుప్పటి ఒక అంచు అది పట్టుకుంది, ఒక అంచు నేను. బొంగరం దుప్పటి కింద దూరి గిరగిరా తిరుగుతోంది. బడిలో జరిగిందంతా చెప్పాను. నాలుగు మాటల్లో కాదు, తెలుగులో, మొదట్నుంచి చివరిదాకా, పురుగుల సిగ్గుతో సహా. కొన్ని దానికి అర్థం కాలేదు, ఆపి అడిగింది, ఇంకోలా చెప్పాను. బొమ్మలావిడ దాని చిన్నప్పటి సంగతి గురించి అన్న మాట కూడా దాచకుండా చెప్పాను. అది దుప్పటి అంచు వదలకుండా అలాగే నిలబడింది.

“అమ్మా. ఒకటి అడుగుతా. నవ్వొద్దు.”

“అడుగు.”

“బల్లి... తోక దొరికిందా?”

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత మంచం మీద కూర్చున్నాను. దానికి నాలుగేళ్లప్పుడు మధ్యాహ్నాలు ఇస్త్రీ చేస్తూ దానికో కథ చెప్పేదాన్ని. ఎవరో చెప్పిన కథ కాదు, ఏ రోజుకారోజు అల్లింది. తలుపు సందులో తోక పోగొట్టుకున్న బల్లి ఇంటింటికీ తిరుగుతుంది. చీపురును అడుగుతుంది, నేను ఊడ్చినవాటిలో లేదంటుంది. పిల్లిని అడుగుతుంది, పిల్లి మూతి తుడుచుకుంటుంది. చివరికి దర్జీ గుమ్మం దగ్గరికి వెళ్తే, దర్జీ టేపు తీసి ‘ఎంత పొడుగు?’ అన్నాడు. మిగతాది రేపు అన్నాను. ఆ సాయంత్రమే బడి కాగితం వచ్చింది. మర్నాడు పిల్ల ఇస్త్రీ బల్ల కింద వచ్చి కూర్చుంటే ‘పడుకో’ అన్నాను, బడి భాషలో. ఎన్నాళ్లు అలా వచ్చి కూర్చుందో. ఆ బాకీ ఉన్నట్టు నేను మర్చిపోయాను. అది మర్చిపోలేదు.

“కూర్చో,” అన్నాను. నిజానికి ఆ కథకి చివర ఏమిటో నాకు అప్పుడూ తెలియదు. దుప్పటి పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. బొంగరం కూడా వచ్చి వాళ్లమ్మ ఒళ్లో చేరింది.

“ఇంత పొడుగు అంది బల్లి. దర్జీ గుడ్డతో తోక కుట్టాడు. వానకి తడిసి బరువెక్కింది, బల్లి గోడెక్కలేక జారిపోయింది. దారంతో అల్లాడు. మేకుకి చిక్కుకుని మొత్తం ఊడిపోయింది. తోలుతో చేశాడు. నడుస్తుంటే కిర్రుకిర్రుమని చప్పుడు, ఈగలన్నీ ముందే పారిపోయాయి. దర్జీకి విసుగొచ్చింది. ఈసారి కొలత నేనే తీస్తాను, వెనక్కి తిరగవే అన్నాడు. బల్లి తిరిగింది. దర్జీ వంగి చూసి, ఏమే, ఇక్కడ ఒకటి ఉందిగా అన్నాడు.”

“ఎంతుంది?” అంది బొంగరం.

చిటికెన వేలు కొన చూపించాను. “ఇంతే. పాతదాని రంగు కూడా కాదు. ఊరంతా తిరుగుతున్నన్నాళ్లూ వెనకాల మొలుస్తూనే ఉంది. బల్లికి ముందుకే గానీ వెనక్కి చూసుకోవడానికి తీరికేదీ? అది కదుపుకుంటూ గోడెక్కి ఇంటికెళ్లిపోయింది.”

మా అమ్మాయి బొంగరం జుట్టులో వేళ్లు పెట్టి దువ్వుతోంది. పెదాలు కదులుతున్నాయి, మాటలు ఒక్కొక్కటే వెతికి తెచ్చుకుంటున్నట్టు.

“అమ్మా,” అంది, “ఇరవై తొమ్మిదేళ్లు ఆ దర్జీని టేపు చేతికిచ్చి గుమ్మంలోనే నిలబెట్టేశావు కదా, పాపం ఆయన కాళ్లు ఎంత నొప్పి పుట్టుంటాయో.”

అంత పొడుగు మాట మా అమ్మాయి నాతో తెలుగులో అనడం అదే మొదలు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

“ఇప్పుడు కూర్చున్నాడులే,” అన్నాను.